దేవుని మాటను కుంపట్లో వేసిన రాజు

అహంకారి అయిన రాజు అనగానే మనకు ముందుగా ఐగుప్తు ఫరో గుర్తుకొస్తాడు. యెహోవా ఎవరు, ఆయన మాట నేనెందుకు వినాలి అన్నట్టుగా మోషే, అహరోనులను నిలదీసినవాడు అతడు (నిర్గమకాండము 5:2). ఆ తర్వాత బబులోను రాజు నెబుకద్నెజరు గుర్తుకొస్తాడు. ఇంత గొప్ప పట్టణాన్ని నా బలంతోనే కట్టుకున్నానని మురిసిపోయి, చివరకు పశువులా గడ్డి మేసినవాడు (దానియేలు 4). ఈ ఇద్దరి గురించీ మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే వీరిద్దరూ దేవుణ్ణి ఎరగని దేశాల్లో పుట్టినవారు. ధర్మశాస్త్రం వారి ఇళ్లలో లేదు. చిన్ననాటి నుంచి దాన్ని వారికి బోధించినవారూ లేరు.

దేవుని గురించి అన్నీ తెలిసి, దేవాలయానికి దగ్గరలోనే పెరిగి, దైవభక్తుడైన తండ్రికి కొడుకుగా పుట్టి కూడా దేవుని మాటను లెక్కచేయని రాజు ఒకడున్నాడు. అతడు ఫరోలా దేవుడెవరని అడగలేదు. దేవుని మాట రాసిన గ్రంథాన్ని తన ఎదుట చదువుతుంటే విని, చాకుతో కోసి, ముందున్న కుంపట్లో వేశాడు. అతడే యూదా రాజు యెహోయాకీము. యిర్మీయా 36వ అధ్యాయంలో ఉన్న ఈ సంఘటన గురించి మనం అంతగా మాట్లాడుకోం. కానీ ఇంట్లో బైబిలు ఉండి, వారం వారం వాక్యం వినే మనల్ని ఫరో కథకంటే ఎక్కువగా కలవరపెట్టాల్సిన కథ ఇది.

ఆ తండ్రికి ఈ కొడుకు

యెహోయాకీము తండ్రి యోషీయా. క్రీ.పూ. 622లో యోషీయా దేవాలయాన్ని బాగుచేయిస్తున్నప్పుడు ప్రధాన యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. శాస్త్రి షాఫాను దాన్ని తెచ్చి రాజు ఎదుట చదివాడు. వినగానే యోషీయా తన బట్టలు చింపుకున్నాడు. దేవుని ఎదుట కన్నీళ్లు పెట్టుకున్నాడు. మన పితరులు ఈ మాటలు వినలేదు కాబట్టి మనమీద దేవుని కోపం ఎంత ఉందోనని భయపడి, విచారించి రమ్మని హుల్దా ప్రవక్త్రి దగ్గరికి మనుషుల్ని పంపాడు (2 రాజులు 22). ఆ తర్వాత చిన్నా పెద్దా అందరినీ దేవాలయానికి పిలిపించి, ఆ గ్రంథాన్ని తానే చదివి వినిపించాడు. విగ్రహాలను తీసివేయించాడు, పస్కా పండుగ జరిపించాడు.

అప్పటికి యెహోయాకీముకు సుమారు 12 ఏళ్లు. అతడు రాజైనప్పుడు 25 ఏళ్లవాడని బైబిలు చెబుతోంది కాబట్టి ఈ లెక్క తేలిగ్గానే తెలుస్తుంది. తండ్రి బట్టలు చింపుకున్న సంగతి ఆ పిల్లవాడికి తెలియకుండా ఉండదు. దేశమంతా కూడిన ఆ రోజున రాజకుమారులు ఇంట్లో కూర్చుని ఉండరు. గ్రంథం చదువుతుంటే వినే అనుభవం అతనికి కొత్త కాదు. వాక్యం వింటే ఏం చేయాలో తండ్రిలో కళ్లారా చూసినవాడతడు.

క్రీ.పూ. 609లో ఐగుప్తు రాజు ఫరో నెకోను మెగిద్దో దగ్గర ఎదుర్కొని యోషీయా మరణించాడు. ప్రజలు అతని మరో కొడుకు యెహోయాహాజును రాజుగా చేసుకున్నారు. ఫరో నెకో మూడు నెలలకే అతణ్ణి బంధించి ఐగుప్తుకు తీసుకుపోయాడు. అతని స్థానంలో అన్న ఎల్యాకీమును కూర్చోబెట్టి, యెహోయాకీము అని పేరు మార్చాడు. యెహోవా స్థిరపరుస్తాడు అని ఆ పేరుకు అర్థం. కానీ అతణ్ణి సింహాసనంమీద నిలబెట్టింది ఐగుప్తు. పేరులో యెహోవా ఉన్నాడు, నమ్మకం ఫరోమీద ఉంది. అందుకు ప్రతిగా నూరు తలాంతుల వెండి, ఒక తలాంతు బంగారం కప్పం కట్టాల్సి వచ్చింది. ఒక తలాంతు అంటే సుమారు 30 కిలోలకు పైమాటే. ఆ సొమ్మును రాజు తన ఖజానా నుంచి ఇవ్వలేదు, ప్రజల దగ్గర పన్నుగా వసూలు చేశాడు (2 రాజులు 23:33-35).

కూలి ఇవ్వకుండా కట్టిన మేడ

ప్రజలు పన్నులతో నలిగిపోతుంటే యెహోయాకీము తనకోసం ఒక మేడ కట్టుకున్నాడు. విశాలమైన గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, వాటికి ఎర్రని రంగు. పనిచేసినవారికి మాత్రం కూలి ఇవ్వలేదు. పొరుగువాడిచేత ఊరికే పని చేయించుకున్నాడు. దేవుడు ఈ సంగతిని చిన్నదిగా వదిలేయలేదు. యిర్మీయాను పంపి నేరుగా రాజుతోనే మాట్లాడాడు (యిర్మీయా 22:13-19). దేవదారు మేడలు కట్టడంలో పోటీ పడితే రాజువైపోతావా? నీ తండ్రి కూడా తిన్నాడు, తాగాడు, అయినా నీతి న్యాయాలు జరిగించాడు. బీదల పక్షాన, దిక్కులేనివారి పక్షాన తీర్పు తీర్చాడు. నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అన్నది ఆ సందేశపు సారాంశం.

ఈ చివరి మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. దేవుణ్ణి తెలుసుకోవడమంటే మనం సాధారణంగా ప్రార్థన, ఆరాధన, బైబిలు జ్ఞానం అనుకుంటాం. యోషీయా దేవుణ్ణి ఎరిగినవాడని చెప్పడానికి ఇక్కడ దేవుడు చూపించిన రుజువు బీదవాడికి జరిగిన న్యాయం. యెహోయాకీము దేవుణ్ణి ఎరగడని చెప్పడానికి చూపించిన రుజువు కూలివాడికి ఇవ్వని కూలి. తర్వాత ఆ కుంపట్లో కాలిన గ్రంథానికీ, ఇక్కడ ఎగ్గొట్టిన కూలికీ సంబంధం ఉంది. ఎగ్గొట్టిన కూలి చేతిలో ఉన్నంతకాలం ఎవరికీ దేవుని మాట రుచించదు. ముందు జీవితంలో ఒక ఆజ్ఞను పక్కన పెడతాం. ఆ తర్వాతే దాన్ని గుర్తుచేసే గ్రంథం బరువనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఊరియా అనే ప్రవక్త ఉండేవాడు. కిర్యత్యారీము ఊరివాడు. యిర్మీయా చెప్పిన మాటలే అతడూ చెప్పాడు. రాజు చంపాలని చూస్తే ప్రాణభయంతో ఐగుప్తుకు పారిపోయాడు. రాజు ఊరుకోలేదు. అక్బోరు కొడుకు ఎల్నాతానును, మరికొందరిని పంపి అతణ్ణి పట్టి తెప్పించాడు. కత్తితో చంపించి, శవాన్ని సామాన్యుల సమాధుల్లో పడవేయించాడు (యిర్మీయా 26:20-23). ఆ ఎల్నాతాను పేరు మళ్లీ మనకు ఎదురవుతుంది.

దేవుడు ఆ గ్రంథాన్ని ఎందుకు రాయించాడు?

క్రీ.పూ. 605. యెహోయాకీము ఏలుబడిలో నాలుగో సంవత్సరం. యూఫ్రటీసు నది ఒడ్డున కర్కెమీషు దగ్గర నెబుకద్నెజరు ఐగుప్తు సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. యెహోయాకీము ఎవరిమీద ఆధారపడ్డాడో ఆ ఐగుప్తు కూలిపోయింది. అప్పటికి యిర్మీయా ప్రకటించడం మొదలుపెట్టి 23 ఏళ్లయింది (యిర్మీయా 25:3). యోషీయా కాలం నుంచి చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. ఆ సంవత్సరమే దేవుడు ఆయనతో, ఇంతకాలం చెప్పిన మాటలన్నిటినీ ఒక గ్రంథంలో రాయించమన్నాడు.

ఎందుకు రాయించమన్నాడో కూడా చెప్పాడు. యూదావారు తమమీదికి రాబోయే కీడును విని, ఒకవేళ తమ చెడు మార్గం విడిచిపెడతారేమో, అప్పుడు నేను వారి పాపాన్ని క్షమిస్తాను అన్నది దేవుని ఉద్దేశం (యిర్మీయా 36:3). ఈ వచనాన్ని దాటేసి చదివితే ఈ అధ్యాయమంతా మనకు అర్థం కాకుండా పోతుంది. ఆ గ్రంథంలో ఉన్నది తీర్పే, అందులో సందేహం లేదు. కానీ ఆ తీర్పును ముందుగా రాయించి చదివించడం వెనుక ఉన్నది క్షమించాలన్న కోరిక. శిక్షించడమే ఉద్దేశమైతే దేవునికి గ్రంథంతో పనిలేదు, నెబుకద్నెజరు సైన్యం చాలు. ఇల్లు కాలబోతోందని అరిచి లేపేవాడు ఆ ఇంటివాళ్లకు శత్రువు కాడు.

యిర్మీయా నోట చెబుతుండగా నేరీయా కొడుకు బారూకు సిరాతో రాశాడు. అప్పటికి యిర్మీయా దేవాలయంలోకి వెళ్లడానికి వీల్లేకుండా ఉంది. అందుకని, ఉపవాస దినాన ప్రజలు కూడినప్పుడు నువ్వు వెళ్లి చదువు అని బారూకుకు అప్పగించాడు. ప్రవక్తకు లోపలికి దారి లేకపోయినా, గ్రంథానికి దారి దొరికింది.

ఒకే రోజున మూడుసార్లు

యెహోయాకీము ఏలుబడిలో ఐదో సంవత్సరం, తొమ్మిదో నెలలో యెరూషలేములో ఉపవాసం చాటించారు. మన లెక్కలో అది క్రీ.పూ. 604 చివర, చలికాలం. ఉపవాసం ఎందుకో బైబిలు చెప్పలేదు. అయితే బబులోనువారు తమ రాజుల దండయాత్రలను మట్టి పలకలమీద రాసి ఉంచుకున్నారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ పలకల్లో కొన్నిటిని డి.జె. వైజ్‌మన్ అనే పండితుడు 1956లో ప్రచురించాడు. నెబుకద్నెజరు తన మొదటి సంవత్సరంలో, సరిగ్గా ఈ నెలలోనే, సముద్రతీరంలో ఒక పట్టణాన్ని పట్టుకుని నేలమట్టం చేశాడని వాటిలో ఉంది. అది ఫిలిష్తీయుల అష్కెలోను అని పండితుల అభిప్రాయం. యెరూషలేముకు అష్కెలోను సుమారు 60 కిలోమీటర్ల దూరం. ప్రమాదం ఎక్కడో లేదు, పొరుగునే ఉంది.

అలాంటి రోజున బారూకు దేవాలయం పై ఆవరణలో, షాఫాను కొడుకు గెమర్యా గదిలో నిలబడి ప్రజలందరూ వినేలా గ్రంథం చదివాడు. ఇది మొదటిసారి. విన్నవారిలో గెమర్యా కొడుకు మీకాయా ఉన్నాడు. అతడు వెంటనే రాజనగరుకు వెళ్లి, అక్కడ కూర్చున్న అధికారులకు తాను విన్నదంతా చెప్పాడు. వారు బారూకును పిలిపించి, కూర్చోబెట్టి, మళ్లీ చదివించుకున్నారు. ఇది రెండోసారి. వింటూ వింటూ వారు భయపడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది రాజుకు చెప్పక తప్పదన్నారు. అదే సమయంలో బారూకుతో, నువ్వూ యిర్మీయా వెళ్లి దాక్కోండి, ఎక్కడున్నారో ఎవరికీ తెలియనివ్వకండి అని హెచ్చరించారు. తమ రాజు ఎలాంటివాడో వారికి తెలుసు. ఊరియా సంగతి వారు మరచిపోలేదు.

ఇక మూడోసారి రాజు ఎదుట. శీతకాలపు నగరులో యెహోయాకీము కూర్చుని ఉన్నాడు. ముందు కుంపటి మండుతోంది. యెహూది అనే ఉద్యోగి గ్రంథం చదవడం మొదలుపెట్టాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకు తీసుకుని ఆ భాగాన్ని కోసి కుంపట్లో వేశాడు. మళ్లీ మూడు నాలుగు పుటలు చదవడం, మళ్లీ కోయడం, మళ్లీ వేయడం. గ్రంథమంతా అయిపోయేవరకు ఇలాగే జరిగింది.

ఇందులో గమనించాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటిది, రాజు కోపంతో ఊగిపోయాడని బైబిలు చెప్పలేదు. గ్రంథాన్ని ఒక్కసారిగా లాక్కుని మంటలో విసిరేయలేదు. నింపాదిగా వింటూ, వింటూనే కోస్తూ వచ్చాడు. అంటే అతడు పూర్తిగా విన్నాడు. వినలేదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. రెండోది, ఆ చాకు లేఖకులు వాడే చాకు అని హెబ్రీ మాటలో ఉంది. రాతపనికి వాడే పనిముట్టునే రాతను నాశనం చేయడానికి అతడు వాడాడు. మూడోది, ఇక్కడ రాజు గ్రంథాన్ని కోశాడని చెప్పే హెబ్రీ మాటా, ఆ మాటలు విన్నవారెవరూ తమ బట్టలు చింపుకోలేదని చెప్పే మాటా ఒక్కటే. యోషీయా తన బట్టలు చింపుకున్నాడని చెప్పిన చోట కూడా అదే మాట. తండ్రి వాక్యం విని తన బట్టలు చింపుకున్నాడు. కొడుకు తన బట్టలకు ఏమీ కాకుండా చూసుకుని వాక్యాన్ని చింపాడు. వాక్యం విన్నచోట ఏదో ఒకటి చిరగక తప్పదు. మనమైనా విరగాలి, లేదా ఆ మాటనైనా పక్కకు తప్పించాలి. రెండూ క్షేమంగా ఉండే మార్గం లేదు.

నాలుగోది, ఆ గదిలో ముగ్గురు మనుషులు రాజును బతిమాలారు. ఎల్నాతాను, దెలాయ్యా, గెమర్యా. గ్రంథాన్ని కాల్చవద్దని వేడుకున్నారు. రాజు వినలేదు. ఎల్నాతాను అంటే ఎవరో కాదు, ఊరియాను ఐగుప్తు నుంచి పట్టుకొచ్చి చావుకు అప్పగించినవాడే. ఒక ప్రవక్తను రాజు కత్తికి అప్పగించిన మనిషి, ఇప్పుడు మరో ప్రవక్త గ్రంథాన్ని రాజు చాకు నుంచి కాపాడాలని చూశాడు. మధ్యలో అతనిలో ఏం జరిగిందో బైబిలు చెప్పదు. కానీ ఆ రోజు ఉదయం అతడు ఆ మాటలు విని భయపడ్డాడు. రాజు విన్నదీ అవే మాటలు. ఒకే వాక్యం ఒకరిని కరిగించింది, మరొకరిని మరింత గట్టిపరిచింది.

ఆ చాకు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

మనలో ఎవరూ బైబిలును కాల్చరు. కింద పడితే కళ్లకద్దుకుంటాం. అట్ట వేసి భద్రంగా ఉంచుకుంటాం. అయినా యెహోయాకీము చేసిన పని మనం చేయడంలేదని ధైర్యంగా చెప్పగలమా? అతడు కోసింది మూడు నాలుగు పుటల చొప్పున. మనం కోసేది ఒక్కో వచనం చొప్పున.

కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు తీసుకుంటాం. నిన్ను ఆశీర్వదిస్తాను, నిన్ను తలగా చేస్తాను అన్న భావం గల వచనాలు వాటిమీద ఉంటాయి. ఆ సంతోషంలో తప్పులేదు. కానీ కూలివాడి కూలి మర్నాటి ఉదయం వరకు నీ దగ్గర ఉంచుకోవద్దన్న ఆజ్ఞ (లేవీయకాండము 19:13) రాసిన కార్డు ఎవరికైనా వచ్చిందా? ఇంట్లో పనిచేసే అమ్మాయి జీతంలో రెండు రోజుల సెలవుకు కోత పెట్టి, ఆదివారం కానుక పెట్టెలో నోటు వేస్తే దేవుడు ఆ నోటును ఎలా చూస్తాడు? మందిరం కట్టిన మేస్త్రీకి బాకీ ఉంచి, ప్రతిష్ఠ ఆరాధనకు దేశవిదేశాల నుంచి బోధకుల్ని పిలిపిస్తే, దేవదారు పలకల మేడకూ ఆ మందిరానికీ తేడా ఏముంటుంది?

భార్యలు లోబడాలన్న వచనం కొందరు భర్తలకు కంఠతా వచ్చు. దాని పక్కనే, భర్త తన భార్యను క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు ప్రేమించాలన్న వచనం మాత్రం వారి బైబిలులో కోసేసినట్టే ఉంటుంది. ధనవంతుడికి మంచి చోటు, బీదవాడికి మూల చోటు ఇవ్వొద్దని యాకోబు పత్రిక రెండో అధ్యాయం స్పష్టంగా చెప్పినా, కులం చూసి వియ్యమందే సంఘాలున్నాయి. సహోదరుడిమీద న్యాయస్థానానికి వెళ్లడాన్ని పౌలు తప్పుపట్టాడని తెలిసి కూడా సంఘ ఆస్తుల కోసం ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిపే పెద్దలున్నారు. వరకట్నం తీసుకున్న పెళ్లిలో వాక్యం చదవమని పిలిస్తే, ఏ భాగం చదవకూడదో ఎవరూ చెప్పకుండానే బోధకుడికి తెలుస్తుంది. ఇవన్నీ చడీచప్పుడూ లేకుండా కోసిన పుటలే.

బోధకులకూ ఇందులో హెచ్చరిక ఉంది. ఆ గదిలో యెహూది కూడా ఉన్నాడు. అతడు నమ్మకంగా చదివాడు, ఒక్క పుట కూడా దాటవేయలేదు. రాజు కోసి వేస్తున్నా చదువుతూనే పోయాడు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ చదివిన మాటలకు తాను మాత్రం భయపడినట్టు కనబడదు. వాక్యాన్ని చక్కగా చదవడం వేరు, ఆ వాక్యం కింద నిలబడటం వేరు. పెద్ద కానుకలిచ్చే కుటుంబం ముందు వరుసలో కూర్చుంటే ప్రసంగంలో ఒక పేరా తగ్గించుకోవాలనే శోధన సేవకులకు కొత్తది కాదు. అప్పుడు చాకు రాజు చేతిలో కాక, చదివేవాడి చేతిలోనే ఉన్నట్టు.

ఇంత చెప్పుకున్నాక ఒక మాట మరచిపోకూడదు. మనల్ని ఇబ్బంది పెట్టే వచనాన్ని దేవుడు రాయించింది మనల్ని అవమానించడానికి కాదు. యిర్మీయా 36:3లో ఉన్న ఉద్దేశమే దానికీ ఉంది. వింటారేమో, తిరిగి వస్తారేమో, క్షమిస్తాను అన్నదే ఆ ఉద్దేశం. యెహోయాకీము తన శిక్షాపత్రాన్ని కాల్చేశాననుకున్నాడు. నిజానికి అతడు కాల్చింది తనకు వచ్చిన క్షమాపణ అవకాశాన్ని. మనం ఏ వచనాన్ని తప్పించుకు తిరుగుతున్నామో, మన విడుదల ఆ వచనంలోనే ఉండవచ్చు.

కాలింది గ్రంథం, మాట కాదు

కుంపట్లో బూడిద మిగిలింది. యిర్మీయాను, బారూకును పట్టుకోమని రాజు ఆజ్ఞాపించాడు. దేవుడు వారిని దాచాడు. తర్వాత ఆయన యిర్మీయాతో మరో గ్రంథం తీసుకుని, మొదటి దానిలో ఉన్న మాటలన్నీ మళ్లీ రాయించమన్నాడు. యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. అలాంటి మాటలు ఇంకా ఎన్నో వాటికి కలిశాయని ఆ అధ్యాయం ముగుస్తుంది (యిర్మీయా 36:32). రాజు తగ్గించాలనుకున్న గ్రంథం ఇంకా పెద్దదైంది. కాల్చిన రాజు గురించిన తీర్పు కూడా అందులో చేరింది. ఈ సంగతి మనకు తెలిసింది కూడా ఆ గ్రంథంలో రాయబడి ఉండటంవల్లే.

మరి ఆ రాజు ఏమయ్యాడు? దేవునికి వంగని అతని మెడ ముందు ఫరో నెకోకు వంగింది, ఆ తర్వాత నెబుకద్నెజరుకు మూడేళ్లు వంగింది (2 రాజులు 24:1). దేవునికి లోబడనివాడు ఎవరికీ లోబడనంత స్వతంత్రుడేమీ కాడు, యజమానులను మార్చుకుంటాడు, అంతే. తర్వాత తిరుగుబాటు చేశాడు. 11 ఏళ్ల ఏలుబడి తర్వాత, క్రీ.పూ. 598 చివర, బబులోను సైన్యం తరుముకొస్తుండగా అతని కథ ముగిసింది. యోషీయాను అతని సమాధిలో పాతిపెట్టారని రాసిన రాజుల గ్రంథం, యెహోయాకీము సమాధి గురించి ఒక్క మాట చెప్పదు. గాడిదను పాతిపెట్టినట్టు అతణ్ణి ఈడ్చి పారేస్తారని యిర్మీయా ముందే చెప్పి ఉన్నాడు. కొడుకు యెహోయాకీను మూడు నెలలు మాత్రమే ఏలాడు. క్రీ.పూ. 597 మార్చిలో యెరూషలేము బబులోను వశమైంది. బబులోనువారి మట్టి పలక కూడా ఈ సంగతి చెబుతోంది. క్రీ.పూ. 586లో పట్టణం, దేవాలయం, రాజనగరు, అన్నీ అగ్నికి ఆహుతయ్యాయి. కుంపట్లో కాలిన మాటల్లో ఏది రాశారో అదే జరిగింది.

ఆ గ్రంథం మాత్రం నిలిచింది. 1947 నుంచి మృత సముద్ర తీరంలోని గుహల్లో బయటపడిన ప్రాచీన ప్రతుల్లో యిర్మీయా గ్రంథ భాగాలూ ఉన్నాయి. వాటిలో కొన్ని క్రీస్తు పుట్టుకకు ముందే రాసినవి. దాన్ని మనం ఈ రోజు తెలుగులో చదువుకుంటున్నాం.

ఇంకొక సంగతి. 1982లో యెరూషలేములోని దావీదు పట్టణం అనే చోట యిగాల్ షిలో నాయకత్వంలో జరిగిన తవ్వకాల్లో, బబులోనువారు తగలబెట్టిన ఒక ఇంటి శిథిలాల్లో 50కి పైగా మట్టి ముద్రలు దొరికాయి. ఆ కాలంలో పత్రాలను చుట్టి, దారం కట్టి, మెత్తని మట్టితో ముద్ర వేసేవారు. మంటల్లో పత్రాలు కాలిపోయాయి. మట్టి ముద్రలు మాత్రం కుండల్లా కాలి గట్టిపడ్డాయి, అందుకే ఇంతకాలం నిలిచాయి. వాటిలో ఒకదానిమీద షాఫాను కొడుకు గెమర్యా అనే పేరు ఉంది. బారూకుకు చదవడానికి గది ఇచ్చి, గ్రంథాన్ని కాల్చవద్దని రాజును బతిమాలిన గెమర్యా ఇతడేనని చాలామంది పండితులు నమ్ముతున్నారు. అతని మాటను ఆ రోజు రాజు లెక్కచేయలేదు. పేరు మాత్రం పట్టణాన్ని కాల్చిన మంటలోనే నిలిచిపోయింది.

మన ఇళ్లలో బైబిలు తెరిచి ఉంది. ఈ వారం మనం చదివే భాగంలో ఏదో ఒక మాట మనల్ని గుచ్చవచ్చు. ఎవరికో ఇవ్వాల్సిన డబ్బును గుర్తుచేయవచ్చు. మాట్లాడటం మానేసిన తమ్ముడి పేరు చెప్పవచ్చు. అప్పుడు పుట తిప్పేయకుండా అక్కడే ఆగుదాం. యోషీయా చేసినట్టు చేద్దాం. బాకీ ఉంటే సూర్యుడు అస్తమించేలోపు తీర్చి వద్దాం. అలిగిన ఇంటికి మనమే ముందు నడుద్దాం. వింటారేమో, తిరిగి వస్తారేమో అని ఎదురుచూసే దేవుడు మనకోసం కూడా ఎదురుచూస్తున్నాడు.